‘ఈ నేల ఎవరిది?’ అని మొదటి వారంలోనే అడగకండి

పాపువా న్యూ గినీ కొండల్లో ఒక లోయ. రాత్రి చలి. గుడిసె మధ్యలో పొయ్యి, బూడిద కింద చిలగడదుంపలు కాలుతున్నాయి. ఇంటి పెద్దాయన పొయ్యి అంచున బూడిదని అరచేత్తో చదును చేసి, వెదురు పుల్లతో గీతలు గీస్తూ తాతముత్తాతల పేర్లు చెప్తున్నాడు. ఒక్కో గీత దగ్గర ఆగుతున్నాడు. ఆ మనిషి ఎక్కడి నుంచి వచ్చాడో, ఎవరి పక్కన నిలబడి కొట్లాడి ఇక్కడ చోటు సంపాదించాడో చెప్పి తర్వాతి గీతకు వెళ్తున్నాడు. నేను నోట్‌బుక్‌లోకి ఎక్కించుకుంటున్నాను. ఊరికి చేరి అది ఐదో రోజు. ‘హుసాట్ ఇ పాపా బిలాంగ్ గ్రౌన్?’, అంటే ఈ నేలకు యజమాని ఎవరు అని ఆ సాయంత్రం అడిగింది నేనే. చెప్పడం అయ్యాక ఆయన బూడిద మీద చెయ్యి తిప్పి గీతలన్నీ చెరిపేసి, దుంపలు బయటికి లాగాడు. నా నోట్‌బుక్‌లో గీతలు మాత్రం అలాగే ఉండిపోయాయి.

వాటిని కంప్యూటర్‌లో నీటుగా గీసి, పెద్ద కాగితం మీద ప్రింట్ తీయించి, లామినేషన్ చేయించి, తర్వాతి ప్రయాణంలో ఆ ఇంటికి కానుకగా ఇచ్చాను. మంచి పని చేశాననే అనుకున్నాను. ఏడాది తిరిగాక ఆ లోయలో భూయజమానుల పేర్ల మీద విచారణ జరిగింది. ఆ కాగితం అక్కడ బల్ల మీదికి వచ్చింది. యూనివర్సిటీ మనిషి రాసింది కాబట్టి అదే నిజం అన్నారు. పెద్దాయన అక్క కూతురి కుటుంబం అందులో లేదు. నేను రాసుకున్న వారం వాళ్లు పక్క లోయలో చావు ఇంటికి వెళ్లి ఉన్నారు, కారణం అంతే. ఏళ్ల తరబడి అదే నేలలో తోట వేసుకుంటున్న మనుషులు ఒక్క రోజులో ‘పేపర్లో లేనివాళ్లు’ అయ్యారు.

మెలనేషియాలో, అంటే ఆస్ట్రేలియాకు ఈశాన్యంగా ఉన్న పసిఫిక్ దీవుల్లో, వనరుల గొడవల మీద, అస్తిత్వం మీద పరిశోధన చేయాలనుకునే వాళ్లు అప్పుడప్పుడు నన్ను ఎక్కడ మొదలుపెట్టాలి అని అడుగుతుంటారు. నేను ఈ పనిలో పదిహేనేళ్లుగా ఉన్నాను. నాకు తెలిసిన పద్ధతి మొత్తం ఆ లామినేషన్ కాగితం తర్వాత నేర్చుకున్నదే. అక్కడ ఎవరు ఏ వంశం వాళ్లన్నది ముందే తేలిపోయి ఉండదు, గని డబ్బు వచ్చి పేర్ల లిస్టు అడిగినప్పుడు అది గట్టిపడుతుంది. పరిశోధకుడి ప్రశ్న కూడా ఆ లిస్టులో భాగమైపోతుంది. కింద రాసిందంతా దాన్ని దృష్టిలో పెట్టుకుని చదవండి.

ఒక్క చోటు, ఒక్క వనరు

‘మెలనేషియా’ అన్న మాట ఫ్రెంచి నావికుడు ద్యుమోన్ ద్యుర్విల్ 1832 ప్రాంతంలో స్థిరం చేసింది. నల్లని దీవులు అని అర్థం, మనుషుల ఒంటి రంగు చూసి పెట్టిన పేరు. తర్వాత ఆ పేరునే అక్కడి వాళ్లు తమదిగా చేసుకున్నారు. 1988లో పాపువా న్యూ గినీ, సాలమన్ దీవులు, వనువాటు కలిసి మెలనేషియన్ స్పియర్‌హెడ్ గ్రూప్ అనే కూటమి కట్టాయి. ఫ్రాన్స్ పాలనలోని న్యూ కాలెడోనియాలో మూలవాసులైన కనక్‌ల స్వాతంత్ర్య ఉద్యమం, ఫిజీ తర్వాత చేరాయి. అయితే ఇది ఒక్క సమాజం కాదు. ఒక్క పాపువా న్యూ గినీలోనే 800కు పైగా భాషలున్నాయి. ‘మెలనేషియాలో వనరుల సంఘర్షణ’ అని థీసిస్ పేరు పెట్టుకుంటే ఏదీ లోతుగా చూడలేరు. ఒక గని, ఒక నది, ఒక లీజు పట్టుకోండి.

ఏ వనరు అన్నది ఊరికే ఎంచుకోకండి, ఎందుకంటే ఒక్కో వనరు మనుషుల్ని ఒక్కో రకంగా విడదీస్తుంది. గని ఒకే చోట దశాబ్దాలు ఉంటుంది. కాబట్టి లీజు గీతకు లోపలి వాళ్లు, బయటి వాళ్లు అనే తేడా రెండు మూడు తరాలు నడుస్తుంది. కలప కంపెనీ రెండు మూడేళ్లలో చెట్లు కొట్టుకుని పోతుంది, కానీ సంతకం పెట్టిన అన్నకూ పెట్టని తమ్ముడికీ మధ్య మాటలుండవు. గ్యాస్ పైపు వందల కిలోమీటర్లు పోతుంది, దారిలో ప్రతి చిన్న గుంపుకూ తనదైన పేరు, తనదైన సరిహద్దు కావాల్సి వస్తుంది. నది సంగతి ఇంకో రకం. పాపువా న్యూ గినీలోని ఓక్ తెది గనిలో 1984లో వ్యర్థాలు ఆపాల్సిన కట్ట నిర్మాణంలో ఉండగానే కూలింది. తర్వాత వ్యర్థాలు నేరుగా ఓక్ తెది, ఫ్లై నదుల్లోకి వెళ్లాయి. గని ఎక్కడుందో చూడని మనుషులు కూడా దిగువన ఒక్కటై మెల్బోర్న్ కోర్టుకు వెళ్లారు, 1996లో రాజీ కుదిరింది. ‘నది దిగువ వాళ్లం’ అనే గుర్తింపు ఆ బురద నీళ్లలోంచే వచ్చింది.

వెళ్లేముందు చదవాల్సిన కాగితాలు

పత్రికల వార్తలు చివర్లో చదవండి. మొదట కోర్టు తీర్పులు. పసిఫిక్ దేశాల తీర్పులు, చట్టాలు ‘పాక్‌లీ’ అనే ఉచిత వెబ్‌సైట్‌లో దొరుకుతాయి, దాన్ని సౌత్ పసిఫిక్ యూనివర్సిటీ నడుపుతుంది. భూమి కేసు తీర్పులో ఇద్దరు పెద్దమనుషులు ఒకే కొండ గురించి రెండు కథలు చెప్తారు. జడ్జి ఎటు తీర్పిచ్చారన్నది మీకు అంత ముఖ్యం కాదు. రెండు కథలూ ఎక్కడ కలుస్తున్నాయో, ఎక్కడ విడిపోతున్నాయో గుర్తు పెట్టుకోండి.

తర్వాత కియాపుల రిపోర్టులు. పాపువా న్యూ గినీలో ఆస్ట్రేలియా పాలనప్పుడు ఊరూరా తిరిగిన పాట్రోల్ ఆఫీసర్లను కియాప్ అంటారు. వాళ్ల రిపోర్టులు చాలావరకు శాన్ డియేగోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ లైబ్రరీ డిజిటల్ రూపంలో పెట్టింది. చెదలు తిన్న టైపు కాగితాలు, చేత్తో గీసిన మ్యాపులు, ఊళ్ల జనాభా లెక్కలు. వీటిని నమ్మకంగా చదవకండి, అనుమానంగా కూడా చదవకండి. ఎవరు ఏ తొందరలో రాశారో చూస్తూ చదవండి. జనాభా లెక్కకు వీలుగా ఉంటుందని నాలుగు చోట్ల ఉన్న ఇళ్లను ఒకచోటికి రమ్మని, దానికో పేరు పెట్టిన కియాపులున్నారు. నలభై ఏళ్ల తర్వాత ఆ పేరే ‘మా పూర్వీకుల వంశం’గా కోర్టులో వినిపిస్తుంది. అది అబద్ధం అని మీరు తీర్పు చెప్పొద్దు. ఆ పేరు కింద నలభై ఏళ్లు పెళ్లిళ్లు, చావులు జరిగాయి, ఇప్పుడది వాళ్లదే. ఏ ఏడాది కాగితంలో మొదటిసారి కనిపించిందో మాత్రం రాసుకోండి.

ఒక కేసుని గట్టిగా చదివి చేయి తిరగాలంటే పాపువా న్యూ గినీలోని బూగన్‌విల్ దీవిని తీసుకోండి. పాంగునా రాగి గని 1972లో ఉత్పత్తి మొదలుపెట్టి 1989 మే నెలలో మూతపడింది. వ్యర్థాలు జాబా నదిలో కలిశాయి. రాయల్టీ ఖనిజం విలువలో 1.25 శాతం. అందులో 95 పాళ్లు ప్రావిన్స్ ప్రభుత్వానికి, 5 పాళ్లు నేల వాళ్లకు. ఆ లెక్క చూడగానే గొడవ ఎందుకొచ్చిందో అర్థమైపోయిందనిపిస్తుంది. అక్కడే ఆగకండి. 1987లో కొత్తగా పుట్టిన పాంగునా భూయజమానుల సంఘానికి పెర్పెటువా సెరెరో అధ్యక్షురాలు, ఫ్రాన్సిస్ ఓనా కార్యదర్శి. వీళ్ల మొదటి పోరాటం ఎవరితోనో చూడండి. సొంత పెద్దలతో. పరిహారం సొమ్ము చూసే పాత ట్రస్టును నడుపుతున్న తమ వాళ్లతోనే. సొమ్ము మాదాకా రావడం లేదు, మా తరానికి నేలా లేదు, డబ్బూ లేదు అన్నారు. 1,000 కోట్ల కీనాల (కీనా అక్కడి కరెన్సీ) పరిహారం డిమాండు, 1988 నవంబరులో పేలుడు పదార్థాలతో కరెంటు టవర్లు కూల్చడం ఆ తర్వాతి సంగతి. గని పనికి వేరే ప్రావిన్సుల నుంచి వచ్చిన వాళ్లను ‘రెడ్‌స్కిన్’ అనడం, మేం నల్లవాళ్లం, వేరే జాతి అనడం బిగుసుకుంటూ వచ్చింది. 2001 ఆగస్టులో శాంతి ఒప్పందం అయింది. 2019లో స్వాతంత్ర్యం కావాలా అని ఓటు పెడితే చెల్లిన ఓట్లలో 98 శాతానికి పైగా కావాలన్నాయి.

కుటుంబంలో పెద్దలకూ పిల్లలకూ మధ్య మొదలైన తగువు ముప్పై ఏళ్లలో ఒక జాతి పేరు మీద ఓటయింది. ఈ ప్రయాణం కళ్లకు కట్టాలంటే ఒక చిన్న పని చేయండి. పెద్ద కాగితం మీద మూడు నిలువు గళ్లు గీయండి. మొదటి గడిలో డబ్బు ఎప్పుడు ఎవరికి చేరింది, రెండో గడిలో నేలకూ నీటికీ ఏమైంది, మూడో గడిలో మనుషులు తమని, ఎదుటివాళ్లని ఏ మాటతో పిలుచుకున్నారు. ఏడాది వారీగా నింపుతూ పోండి. మొదటి రెండు గళ్లు త్వరగా నిండుతాయి. మూడో గడిలో ఖాళీలు ఎక్కువ మిగులుతాయి. మీ పరిశోధన ఆ ఖాళీల్లో ఉంటుంది.

భాష నేర్చుకోకుండా బయల్దేరకండి

పాపువా న్యూ గినీకి టోక్ పిసిన్, సాలమన్ దీవులకు పిజిన్, వనువాటుకు బిస్లామా. మూడూ అక్కచెల్లెళ్లు. మూడు నాలుగు నెలలు కష్టపడితే ఒకటి వస్తుంది. న్యూ కాలెడోనియాకు ఫ్రెంచి తప్పదు. దుబాసీని పెట్టుకుంటాను అనుకోకండి, ఎందుకంటే ఆ దుబాసీ కూడా ఏదో ఒక వంశం మనిషే.

తెలుగువాళ్లకు ఇక్కడ ఒక మేలుంది. టోక్ పిసిన్‌లో ‘స్మోల్‌పాపా’ అంటే అచ్చంగా చిన్నాన్న. ‘స్మోల్‌మామా’ అంటే పిన్ని. తల్లి తోడబుట్టినవాణ్ని, ఆ వైపు బంధువుల్ని ‘కాండెరే’ అంటారు. ఇంగ్లీషులో అందరూ అంకుల్, ఆంటీ అయిపోయే చోట మనకు మేనమామ వేరు, చిన్నాన్న వేరు, పెదనాన్న వేరు. బూగన్‌విల్‌లో చాలా చోట్ల, సాలమన్ దీవుల్లోని గ్వాడల్‌కెనాల్‌లో నేల తల్లి వైపు నుంచి వస్తుంది. అక్కడ మేనమామ అన్న మాట బరువు మనకు వెంటనే తెలుస్తుంది. నోట్సు తెలుగు వరసల్లో రాసుకుంటే నాకు తప్పులు తగ్గాయి. కానీ ఒక జాగ్రత్త. మన మేనరికం లెక్కలు వాళ్ల మీద రుద్దకండి. చాలా చోట్ల మేనమామ బిడ్డ తోబుట్టువు కిందే లెక్క, పెళ్లి మాట ఎత్తితే నొచ్చుకుంటారు.

‘పాపాగ్రౌన్’ అంటే నేలకు తండ్రి, భూయజమాని. ఈ మాట ఎవరి నోట్లోంచి ఎప్పుడు వస్తుందో వినండి. తోటలో దుంపలు తవ్వుతున్నామె నోట ఈ మాట దాదాపు రాదు, ఇది మా అమ్మ తోట అంటుంది. కంపెనీ ఆఫీసు ముందు క్యూలో నిలబడ్డ ఆమె కొడుకు నోట ప్రతి వాక్యంలో వస్తుంది. దాని వెనకే ‘గియామన్ పాపాగ్రౌన్’, అంటే దొంగ యజమాని, కూడా వస్తుంది. ‘బెల్ హెవీ’ అంటే కడుపు బరువెక్కడం, మనసులో పెట్టుకున్న బాధ. ‘బెల్ ఇసి’ అంటే శాంతి. పరిహారం గురించి మాట్లాడేటప్పుడు ఈ రెండు మాటలూ రాకపోతే మీతో ఇంకా పైపైనే మాట్లాడుతున్నారని అర్థం.

గొడవని వాళ్లు ఏ పేరుతో పిలుస్తారో మీరూ ఆ పేరే వాడండి. బూగన్‌విల్‌లో అది ‘క్రైసిస్’. పిల్ల ఎప్పుడు పుట్టింది, ఇల్లు ఎప్పుడు కట్టారు, అన్నీ క్రైసిస్‌కు ముందు, తర్వాత అనే చెప్తారు. సాలమన్ దీవుల్లో 1998 నుంచి 2003 వరకు నడిచిన దాన్ని ‘టెన్షన్’ అంటారు. మనం పరీక్షల ముందు రోజూ వాడే మాట అక్కడ ఇళ్లు కాలిన ఐదేళ్లకు పేరు. అక్కడి రాజధాని హోనియారాలో మొదటి నెల నేను మామూలు అలవాటులో ఆ మాట అనేసినప్పుడు ఎదురుగా ఉన్నామె చేతిలో పని ఆపేసి నా ముఖంలోకి చూసింది. అప్పటినుంచి అక్కడ ఉన్నన్ని రోజులూ జాగ్రత్తగా ఉన్నాను.

ఆ టెన్షన్ గురించి కూడా ఒక మాట. గ్వాడల్‌కెనాల్ వాళ్లకూ పక్క దీవి మలైతా వాళ్లకూ జాతి వైరం అని రాసేస్తుంటారు. తల్లి వైపు నేలను కొన్నిచోట్ల మగవాళ్లు మలైతా నుంచి వచ్చిన కుటుంబాలకు ఇచ్చారు, డబ్బూ ఇతర వస్తువులూ తీసుకున్నారు. తర్వాతి తరం మా అమ్మల్ని అడగకుండా ఇచ్చింది చెల్లదంది. గ్వాడల్‌కెనాల్‌లోనే ఉన్న రాజధాని చుట్టూ ఊరు పెరిగింది. గోల్డ్ రిడ్జ్ బంగారు గని కూడా ఆ 1998లోనే మొదలైంది. ఇవన్నీ పక్కన పెట్టి జాతి అన్న ఒక్క మాట రాస్తే ఏమీ చెప్పనట్టే.

అనుమతి, ఎవరి బండి ఎక్కి వెళ్తున్నారు

కాగితాల పని తొందరగా చెప్పేస్తాను. పాపువా న్యూ గినీలో రీసెర్చ్ వీసాకు నేషనల్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ ద్వారా వెళ్లాలి, ప్రావిన్స్ అనుమతి కూడా తెచ్చుకోవాలి. సాలమన్ దీవుల్లో 1982 నాటి రీసెర్చ్ చట్టం కింద విద్యాశాఖకు దరఖాస్తు. వనువాటులో కల్చరల్ సెంటర్‌దే మాట. 1980ల మధ్య నుంచి దాదాపు పదేళ్లు విదేశీ పరిశోధకుల్ని ఆ దేశం రానివ్వలేదు, ఎందుకో తెలుసుకుని వెళ్తే మీ దరఖాస్తు భాషే మారుతుంది. ఊళ్లలో వాళ్లకు ‘ఫిల్‌వొకా’ అనే స్వచ్ఛంద పరిశోధకులున్నారు, వాళ్లతో కలిసి పనిచేయాలి. వీటికి ఆరు నెలలు పెట్టుకోండి. టూరిస్టు వీసా మీద మాత్రం వెళ్లకండి. మిమ్మల్ని ఇంట్లో పెట్టుకున్న కుటుంబం మీదికి సమస్య వస్తుంది.

ఇంతకంటే పెద్ద అనుమతి ఊళ్లో. మొదటి రోజు మీరు ఎవరి బండి దిగుతారో ఊరంతా చూస్తుంది. దారి బురదగా ఉంది, కంపెనీ ల్యాండ్ క్రూయిజర్ ఖాళీగా వెళ్తోంది, ఎక్కమంటారు. ఎక్కకండి. రెండు రోజులు ఆగి, అందరూ ఎక్కే పీఎంవీలో, అంటే జనం బండిలో, బియ్యం బస్తాల మధ్య కూర్చుని వెళ్లండి. ఎమ్మెల్యే లాంటి నాయకుడి వెంట కూడా వెళ్లకండి. మీరు ఎవరింట్లో పడుకుంటారో ఆ వంశం మనిషి అయిపోతారు, దాన్ని తప్పించుకోలేరు. తప్పించుకునే ప్రయత్నం చేయకుండా, ఆ ఇంటికి విరోధులైన వాళ్లు నాకు ఏం చెప్పడం లేదు అని ప్రతి నెలా ఒక పేజీ రాసుకోండి. కొన్ని నెలలు ఒక వైపు, కొన్ని నెలలు అవతలి వైపు ఉండగలిగితే మేలు. ఇల్లు మారేటప్పుడు మొదటి ఇంటివాళ్లకు ముందే చెప్పాలి, వేరే ఎవరి ద్వారానో తెలియకూడదు.

ఫిజీ ఎంచుకుంటే మనం ఎవరమన్నది ముందే తేలిపోయి ఉంటుంది. 1903 నుంచి మద్రాసు ద్వారా గిర్మిట్ కూలీలుగా, అంటే ఒప్పందం మీద కూలికి, వెళ్లిన వాళ్లలో తెలుగువాళ్లు చాలామంది, వాళ్ల వారసులు ఇప్పటికీ అక్కడున్నారు. నేలలో అత్యధిక భాగం ఫిజీ మూలవాసులైన ఇతౌకెయి వంశాల ఉమ్మడి సొత్తు, చెరకు పండించిన భారతీయ కుటుంబాలు లీజుదార్లు. 1976 చట్టం కింద నడిచిన లీజులు 1997 నుంచి ముగుస్తూ వచ్చాయి. ఇంట్లో కూర్చోబెట్టి తెలుగు పేర్లు చెప్పే ముసలమ్మ దగ్గర మీ మనసు ఆగిపోతుంది. ఆ లీజు నేల ఇచ్చిన ఊరికి కూడా వెళ్లి అంతే సేపు కూర్చోండి.

మొదటి రెండు నెలలు ఏం అడగాలి

నేల గురించి అడగకండి. చెట్ల గురించి అడగండి. కొండల్లో కరుక అని మొగలి జాతి చెట్టు ఉంటుంది, గింజలు తింటారు. ఏ చెట్టు ఎవరు నాటారో పేరు పేరునా చెప్తారు. సరిహద్దులో టాంగెట్ అనే ఎర్రాకు మొక్క నాటి ఉంటుంది, ఎవరు నాటారు, ఎప్పుడు పీకారు, ఎవరు మళ్లీ నాటారు. తోట ఎవరు నరికి చదును చేశారు, పక్కన ఎవరికి చోటిచ్చారు, ఇచ్చినందుకు ఏం తిరిగొచ్చింది. ఎవరిని ఎక్కడ పూడ్చారు. ఏ పందిని ఏ చావుకి కోశారు, ఎవరు ఏ ముక్క పట్టుకెళ్లారు. ఇవన్నీ నేల గురించిన ప్రశ్నలే. వీటికి జవాబు చెప్పేటప్పుడు మనిషి కోర్టులో నిలబడినట్టు మాట్లాడడు.

నడవండి. ఇంట్లో కూర్చుని అడిగితే గుర్తుకు రానివి వాగు దాటేటప్పుడు గుర్తొస్తాయి. ఒకసారి ఒకామె వెంట తోటకు వెళ్తున్నాను. ఒక పాత తోట దగ్గర ఆమె సంచీ దించి, గడ్డి తొలగించి, మూడు నల్లటి రాళ్లు చూపించింది. పెళ్లయిన కొత్తలో అత్తగారు వంట చేసిన పొయ్యి. అంతకుముందు నాకు నలుగురు మగవాళ్లు ఆ చోటు గురించి నాలుగు వంశాల పేర్లు చెప్పారు. ఆ అత్తగారి పేరు ఒక్కరూ చెప్పలేదు. ఆడవాళ్లతో విడిగా, పని చేసే చోట మాట్లాడాలి అని అందరూ రాస్తారు, అది నిజం. మగవాళ్లు లేనప్పుడు విన్నదాన్ని మగవాళ్ల ముందు పొరపాటున కూడా అనకూడదు అన్నది అంతకంటే ముఖ్యం.

పూర్వీకుల కథలు, ‘తుంబునా స్టోరీ’లు, ఎవరు పడితే వాళ్లు చెప్పేవి కావు. కథ చెప్పడమే ఆ నేల మీద హక్కు చెప్పుకోవడం. నలుగురిలో రికార్డర్ పెట్టి చెప్పమంటే చెప్పే మనిషి ఇరుకున పడతాడు. కథలో ఒక చోట ఆపేసి, మిగతాది నీకు చెప్పను అంటే ఆగిపోండి. ఆ ఆగిన చోటు కూడా సమాచారమే.

వంశాలు రాసుకునేటప్పుడు ఒకే కాగితం మీద అందరివీ కలిపి ఒక ‘సరైన’ చార్టు తయారుచేయకండి. ఒక్కొక్కరు చెప్పింది ఒక్కో పేజీ. పొసగకపోతే పొసగలేదని వదిలేయండి. పోర్గెరా బంగారు గని ప్రాంతపు ఇపిలి వాళ్లు తండ్రి వైపూ తల్లి వైపూ రెండూ లెక్కపెడతారు, ఒక మనిషి నాలుగైదు చోట్ల చోటు అడగొచ్చు, అక్కడికి వెళ్లి తోట వేసి, చావులకు పంది ఇచ్చి ఆ హక్కు నిలబెట్టుకుంటాడు. 1990లో గని ప్రారంభమైనప్పటికి లీజు లోపలి నేలకు 7 వంశాలు, 23 ఉపవంశాలు అని లెక్క తేలింది. లెక్క తేలకపోతే ఒప్పందం జరగదు, అది నిజమే. తేలాక, అప్పటిదాకా పంది ఇచ్చి లోపలికి వచ్చే దారి ఇరుకైపోయింది. వాళ్లే చెప్పుకునే వరసను, కాగితం అడిగే వరసను పక్కపక్కన పెట్టి చూడటమే మన పని.

లిస్టు తయారవుతున్న చోట కూర్చోండి

పాపువా న్యూ గినీలో నేల దాదాపు అంతా ఆచారం ప్రకారం వంశాల చేతిలోనే ఉంది. దాన్ని కంపెనీలతో ఒప్పందానికి పనికొచ్చేలా చేయడానికి 1974లో భూసమూహాల రిజిస్ట్రేషన్ చట్టం వచ్చింది. దాన్ని 2009లో సవరించి సభ్యుల పుట్టిన తేదీ సర్టిఫికెట్లు, నేల సరిహద్దు స్కెచ్ కూడా అడిగారు. కొండల్లో పుట్టిన ముసలామెకు పుట్టిన సర్టిఫికెట్ ఎక్కడి నుంచి వస్తుంది? పట్నంలో చదువుకున్న మనవడు తెచ్చి పెడతాడు, గుంపుకు ఛైర్మన్ అవుతాడు. 1998 ఆయిల్ అండ్ గ్యాస్ చట్టం ప్రకారం కంపెనీయే ముందుగా ఆ ప్రాంతపు మనుషుల మీద సోషల్ మ్యాపింగ్, అంటే ఎవరు ఏ వంశం, ఏ నేల ఎవరిది అన్న సర్వే, చేయించి ఇవ్వాలి. ఆ పని మనలాంటి వాళ్లే చేస్తారు. హేలా ప్రావిన్స్ గ్యాస్‌తో మొదటి ఓడ 2014లో బయల్దేరింది, కానీ బావుల దగ్గరి హూలీ కుటుంబాల్లో చాలామందికి ఎవరు యజమానులో తేలక రాయల్టీ ఏళ్ల తరబడి అందలేదు.

ఇలాంటి మీటింగు జరుగుతుందని తెలిస్తే మిగతా పనులు మానుకుని వెళ్లండి. సాలమన్ దీవుల్లో కలప హక్కుల విచారణ కూడా ఇలాంటిదే. మాట్లాడకండి, వెనక కూర్చోండి. ఎవరి పేరు పిలిచారు, ఎవరు లేచారు, ఎవరు లేవబోయి కూర్చున్నారు, చెట్టు కింద నిలబడి ఎవరు విన్నారు. పేరు స్పెల్లింగు గుమాస్తా ఎలా రాసుకున్నాడో చూడండి. ఒకే మనిషి రెండు పేర్లతో రెండు గుంపుల్లో ఉంటే మోసం అని రాసేయకండి, అమ్మ వైపు పేరు ఒకటి, నాన్న వైపు పేరు ఒకటి కావొచ్చు.

న్యూ కాలెడోనియాలో ఈ లిస్టు గోల వేరే రూపంలో ఉంటుంది. అక్కడ నికెల్ మీద హక్కు కనక్ సార్వభౌమత్వం ప్రశ్నతో ముడిపడి ఉంది. ఫ్రాన్స్‌తో జరిగిన 1998 నూమెయా ఒప్పందం, దాంతోపాటు ఉత్తర ప్రావిన్స్ 51 శాతం వాటాతో కట్టిన కోనియాంబో నికెల్ ఫ్యాక్టరీ, దాని కొలుములు 2024లో చల్లబడటం కలిపి చదవండి. అక్కడ ప్రశ్న ఏ వంశం అనే దానికంటే ఏ ప్రజలు అనేదిగా ఉంటుంది. నాకు అక్కడ సొంత ఫీల్డ్‌వర్క్ లేదు, ఇంతకంటే చెప్పను.

డబ్బు, భద్రత

ఇంటర్వ్యూకు ఇంత అని కీనాలు లెక్కపెట్టి ఇవ్వకండి. ఇస్తే మాటకు ధర పెట్టినట్టే, రేపటినుంచి కథలు పొడుగవుతాయి. ఉత్త చేతుల్తో ఉండటమూ తప్పే. చావు జరిగితే ఊరివాళ్లు ఇచ్చినట్టే బియ్యం, టిన్ చేప పట్టుకెళ్లండి, అందరూ చూస్తుండగా ఇవ్వండి. రోజూ ‘బుఆయి’ పంచుకోండి, అది వక్కే, సున్నం కూడా ఉంటుంది, మనకు కొత్త కాదు. దారి చూపినవాడికి, రోజంతా వెంట ఉన్నవాడికి కూలి ఇవ్వాలి. ఇచ్చిన ప్రతిదీ చిన్న పుస్తకంలో రాయండి.

ఆయుధం ఎవరి దగ్గరుంది, ఎవరిని ఎవరు చంపారు అన్నది చెప్పినా రాసుకోకండి. చేతబడి నింద ఎవరి మీద ఉందో అసలు రాయొద్దు, ఆ పేరు బయటికొస్తే ప్రాణం పోతుంది. పేర్లకు బదులు గుర్తులు వాడండి, గుర్తుల పట్టిక నోట్‌బుక్‌తో పాటు ఒకే సంచీలో ఉండకూడదు. సరిహద్దులు గీసిన మ్యాపు అచ్చు వేయకండి. క్రైసిస్ గానీ టెన్షన్ గానీ చూసిన మనిషి గబగబా చెప్పడం మొదలుపెడితే ఆపి, నీళ్లిచ్చి, రేపు మాట్లాడుకుందాం అనండి. రేపు రాకపోతే మళ్లీ అడగకండి.

రాసింది ప్రచురించే ముందు తీసుకెళ్లి టోక్ పిసిన్‌లో చదివి వినిపించండి. రెండు వైపులా. వద్దన్న పేరాలు తీసేయండి. నా రెండో వ్యాసంలో మంచి భాగం అలా పోయింది. ఇప్పటికీ అది తీసేసినందుకు నాకు బాధ లేదు.

ఆ లామినేషన్ కాగితం సంగతి. విషయం తెలిసిన నెలలో నేను వెళ్లాను. విచారణలో నిలబడి, ఇది ఐదు రోజులు మాత్రమే ఊళ్లో ఉన్న మనిషి ఒక్క రాత్రి ఒక్కరి దగ్గర విని రాసింది, దీన్ని సాక్ష్యంగా తీసుకోవద్దు అని చెప్పాను. అది రాతపూర్వకంగా కూడా ఇచ్చాను. ఆ కుటుంబం పేర్లు చేర్చడానికి రెండేళ్లు పట్టింది, ఈలోగా ఒక పంపకం అయిపోయింది. పెద్దాయన అక్క కూతురు నన్ను తన పొయ్యి దగ్గర కూర్చోబెట్టి, తన వైపు పేర్లన్నీ చెప్పింది. నేను పెన్ను తీయకుండా వింటున్నాను. రాసుకో, కానీ ఇది నేను చెప్పానని, ఏ రోజు చెప్పానో రాయి అంది. కాసేపాగి, ఈ రోజు మా చిన్న తమ్ముడు ఊళ్లో లేడు, అది కూడా రాయి అంది.

అప్పటినుంచి నా వంశాల పేజీల్లో పైన మూడు గళ్లుంటాయి. తేదీ. చెప్పినవాళ్లు. ఈ రోజు ఊళ్లో లేనివాళ్లు. మూడోది నింపకుండా కింద ఒక్క గీత కూడా గీయను.